రెండు కానీలు, ఒక పిట్ట

మా ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఎక్కడెక్కడి భవనాలకో వెళ్లి, లిఫ్టు తాళ్లూ బ్రేకులూ తలుపులూ చూసి, కాయితం రాసిచ్చి వస్తాడు. ఆ కాయితంలో మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే. 'లిఫ్టు బాగానే పనిచేస్తున్నది, కానీ' అని. ఆ కానీ తర్వాత రాసేదే ఆయన ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చాక బూట్లు గుమ్మం దగ్గర విప్పుతాడు గాని ఈ అలవాటు విప్పడు. గోడల రంగు బాగుంది, కానీ. సినిమాకి వెళ్దాం, కానీ. మీ అన్నయ్య మంచివాడే, కానీ. పెళ్లయిన కొత్తలో ఆ కానీ తర్వాత ఏం వస్తుందోనని ఊపిరి బిగబట్టేదాన్ని. చాలాసార్లు ఏమీ రాదని తెలియడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. పాము చావదు, కర్రా విరగదు. మనం మాత్రం అక్కడే నిలబడి ఉంటాం.

నా పని కళ్లద్దాల దుకాణంలో. మనిషిని ఎత్తు కుర్చీలో కూచోబెట్టి, కంటి ముందు అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇదా?" అని అడుగుతూ ఉంటాను. రోజుకి పాతిక మంది చేత ఏది బాగుందో చెప్పించేదాన్ని, ఇంటికొస్తే ఒక్క మనిషి చేత ఒక్క ముక్క తేల్చి చెప్పించుకోలేకపోయేదాన్ని.

ఇక మామయ్య. ముప్పై ఏళ్లు డ్రైవింగు స్కూల్లో నేర్పి రిటైరయ్యారు. నేర్పే బండిలో ఆయన కూచునే పక్క సీటు ముందు ఇంకో బ్రేకు ఉండేదట. ఆయన పనికి నాలుగే మాటలు: రానీ, పోనీ, కానీ, ఆగు. స్టీరింగు పట్టుకుని వణికిపోయే వాళ్లకి మాత్రం ఇంకొంచెం కలిపేవారు. "ఊఁ, కానీ. నా కాలి కింద బ్రేకుంది" అనేవారు. ఆ మాట విని బండి కదపనివాడు లేడని ఆయన గొప్ప.

అంటే మా ఇంట్లో ఒకే మాటకి రెండు పనులుండేవి. తండ్రి కానీ అంటే బండి కదిలేది, కొడుకు కానీ అంటే ఆగిపోయేది. అయినా ఇన్నేళ్లూ ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఆ ఎండాకాలం పిట్ట వచ్చాకే వచ్చింది.

పిట్ట కింది వాటాలో ఉండే మిషనమ్మది. ఆవిడ బట్టలు బిగించి, వదులు చేసి, అంచులు మడిచి కుట్టి ఇస్తుంది. కుట్టుమిషన్ చప్పుడు ఎప్పుడూ వినిపిస్తుంది కాబట్టి వీధిలో అందరికీ మిషనమ్మే. పిట్ట బూడిదరంగుది, నెత్తిన పసుపు జుట్టు, బుగ్గల మీద నారింజ చుక్కలు. నేల మీద కాలు పెట్టదు, ఎప్పుడూ ఎవరో ఒకరి భుజం మీదో తలుపు మీదో ఉంటుంది. అందుకని ఆవిడ దానికి దొరగారు అని పేరు పెట్టింది.

నేను పరదాలు ఇద్దామని వెళ్లిన రోజున దొరగారు ఎవరిదో నల్లకోటు భుజాన రెట్ట వేశారు. నేను గబగబా చేతిరుమాలు తీశాను.

"అయ్యో, తుడవకండి! ఆరనివ్వండి" అంది మిషనమ్మ నా చెయ్యి పట్టుకుని. "తడిమీద తుడిస్తే బట్టలోకి దిగుతుంది. ఆరాక దులిపితే పొడిలా రాలిపోతుంది."

"మీకు బాగా అలవాటైనట్టుంది."

"ఈ నెలలో ఇది మూడోదండీ. నిన్న ఒకావిడ ఇచ్చిన బట్టలు వెనక్కి పట్టుకుపోయింది. ఇక లాభం లేదు, పిట్టలమ్మే వాడికి ఇచ్చేస్తా" అంది ఆవిడ. అంటూనే పిట్ట వైపు చూడకుండా ముఖం తిప్పుకుంది.

మామయ్య కూడా ఉన్నారక్కడ. చొక్కా గుండీ ఊడిందని వచ్చారు. ఆ నెలలో ఆయన గుండీలు తెగ ఊడుతుండేవి. గొంతు సవరించుకుని, "మూడు వేలమందికి రివర్సు నేర్పాను. దీనికి ఈపాటి పని నేర్పలేనా?" అన్నారు.

"నాలుగేళ్ల పిట్టండీ. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

"వంగకపోవడానికి ఇది మాను కాదుగా, పిట్ట. ఎండలు పోయేలోపల నేర్పి అప్పజెప్తాను."

"ఎండలు పోయేలోపల నేనే ఇల్లు ఖాళీ చెయ్యాలి" అంది ఆవిడ. "ఓనరుకి కింది వాటా కావాలట. వానలు మొదలయ్యేసరికి మా చెల్లెలి ఊరు వెళ్లిపోతాను."

మామయ్య పంజరం ఎత్తుకుని మెట్లెక్కారు. గుండీ కుట్టించుకోవడం మర్చిపోయారు.

మర్నాటి నుంచి మా బాల్కనీ డ్రైవింగు స్కూలైపోయింది. తెల్లవారగానే పంజరం మీది గుడ్డ తీసి, పిట్టని వేలిమీదికి ఎక్కించుకుని, బాల్కనీలో స్టూలు మీద బోర్లించిన పాత రేకు పళ్లెం దగ్గరికి తీసుకెళ్లేవారు. పళ్లెం అంచున కూచోబెట్టి తానూ వంగి చూసేవారు.

"పొద్దున్నే ఆపుకోలేదమ్మాయ్, రాత్రంతా బిగబట్టి ఉంటుంది" అని నాకు చెప్పేవారు. "చూడు, వెనక్కి ఒక అడుగేస్తుంది, తోక ఎత్తుతుంది. గేరు మార్చేముందు మనిషి భుజం కదల్దూ, అలాగే. ఆ క్షణంలో మాట పడాలి." పిట్ట వెనక్కి అడుగెయ్యగానే, "ఊఁ, కానీ" అనేవారు. దానిదారిన అది కానిచ్చేది. వెంటనే ఒక పొద్దుతిరుగుడు గింజ. ఆ తర్వాత పావుగంటకొకసారి మళ్లీ స్టూలు, మళ్లీ కానీ, మళ్లీ గింజ. గురి తప్పి సోఫా మీద వేసినా ఒక్క మాట అనేవారు కాదు.

"తిడితే నేర్చుకునేది పని కాదు, భయం" అనేవారు. ఆయన కొడుకుని పెంచిన పద్ధతి కూడా ఇదేనా, అయితే మా ఆయనకి ఈ భయం ఎక్కణ్నుంచి వచ్చిందా అని నాకు ఆశ్చర్యం వేసేది.

మూడు వారాలు తిరిగేసరికి పని పట్టుబడింది. 'ఊఁ, కానీ' అనడమే ఆలస్యం, దొరగారు ఎక్కడున్నా ఆ పని పూర్తి చేసేవారు. అనకపోతే ఆగేవారు. మామయ్య రోజూ సాయంత్రం పిట్టని భుజానేసుకుని, పళ్లెం చంకలో పెట్టుకుని, మిషనమ్మకి చూపించడానికి కిందికి దిగేవారు. మొదట్లో పది నిమిషాల్లో వచ్చేవారు. తర్వాత గంట పట్టేది. ఒకరోజు పళ్లెం ఇక్కడే మర్చిపోయి వెళ్లి, రెండు గంటలకి వచ్చారు. పళ్లెం లేకుండా ఏం చూపించారో నాకు అర్థం కాలేదు. అడగడానికి నోరు రాలేదు. అత్తయ్య పోయి ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో ఆయన ఈలవేస్తూ మెట్లెక్కడం నేను విన్నది ఆ ఎండాకాలమే. నాకు సంతోషమూ వేసేది, ఏదో దిగులూ వేసేది. రెంటిలో ఏది ఎక్కువని అడిగితే చెప్పలేను.

గొడవ భోజనాల బల్ల దగ్గర మొదలైంది. ఇంట్లో అందరికన్నా పొడుగు మా ఆయన, దొరగారికేమో ఎత్తు కావాలి. అందుకని ఆయన ఇంట్లో ఉంటే ఆయన భుజమే గద్దె.

"కూర బాగుంది, కానీ..." అన్నాడు మా ఆయన.

టప్.

ఇస్త్రీ చొక్కా మీద తెల్లగా జారింది. నేను నోరు తెరుచుకుని చూశాను. ఏదో పొరపాటు అనుకున్నాం. ఆయన చొక్కా మార్చుకుని వచ్చి కూచుని, "నేర్చుకుందన్నావు నాన్నా. పిట్ట మంచిదే, కానీ..." అన్నాడు.

టప్.

"ఒరేయ్," అన్నారు మామయ్య, నవ్వు ఆపుకోలేక కంచం పక్కకి జరుపుతూ, "తప్పు పిట్టది కాదురా. నేర్పినవాడిది. ఇంట్లో పొద్దస్తమానం కానీ అనే మనిషిని పెట్టుకుని ఆ మాటే నేర్పాను చూడు! పిట్ట కొంచెం, రెట్ట ఘనం."

"నవ్వుతావేంటి నాన్నా? రెండు చొక్కాలు పోయాయి."

"ఏం చెయ్యమంటావు? అడ్డాలనాడు బిడ్డలు గానీ..."

టప్. ఈసారి కంచం అంచు మీద. ఆ తర్వాత ఎవరం తినలేకపోయాం, నవ్వి నవ్వి కడుపు నొప్పి వచ్చింది. మా ఆయన కూడా నవ్వాడు.

మర్నాటి నుంచి ఆయన ఆ మాట మానేశాడు. మానడం అంటే ఏమనుకున్నారు? 'అయితే' అనేవాడు, 'కాకపోతే' అనేవాడు, 'ఒక్కటే విషయం' అనేవాడు. ఒకసారి, "దుకాణంలో నీకు ఆదివారం కూడా పని అంటున్నారు, మంచిదే, క..." అని ఆగి, పిట్ట వైపు వోరగా చూసి, గుటక మింగి ఊరుకున్నాడు. మంచిదే అన్న మాట పూర్తి వాక్యంగా ఆయన నోట నేను వినడం అదే మొదలు. సంబరపడాలి కదా? పడలేకపోయాను. ఆ కానీ ఉన్నన్నాళ్లూ దానికి ఇవతల ఆయన ఉన్నాడని తెలిసేది. అది పోయాక ఆయన నిజంగా ఒప్పుకున్నాడో, పిట్టకి భయపడి ఒప్పుకున్నాడో తెలియక గిలగిల్లాడాను.

మామయ్య మాత్రం పంతం పట్టారు. "వాడి మాట వాడికుంటుంది. పిట్టకే తేడా నేర్పుతా" అన్నారు. తను 'ఊఁ, కానీ' అంటే గింజ. మా ఆయన చేత మళ్లీ కానీ అనిపించి, అప్పుడు రెట్ట వేస్తే గింజ లేదు, తిట్టూ లేదు. మామయ్య కానీ కొంచెం సాగుతుంది, చివర మెల్లిగా పైకి లేస్తుంది. మా ఆయన కానీ గోడకి తగిలినట్టు టక్కున తెగుతుంది. రెండు వారాల్లో దొరగారికి ఆ తేడా తెలిసిపోయింది. మా ఆయన వరసగా నాలుగు కానీలన్నా తోక కదపలేదు. తొమ్మిదేళ్ల కాపురంలో నాకు చిక్కనిది ఆ పిట్టకి పద్నాలుగు రోజుల్లో చిక్కింది. దాన్ని చూస్తే నిజంగానే కుళ్లుమోతుతనం వచ్చింది నాకు.

ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం మామయ్య మమ్మల్నిద్దర్నీ కూచోబెట్టారు. తానేమో నిలబడే ఉన్నారు, లైసెన్సు పరీక్షకి వచ్చినవాడిలా చేతులు వెనక్కి కట్టుకుని.

"మిషనమ్మా నేనూ పెళ్లి చేసుకుందామనుకుంటున్నాం" అన్నారు. "ఆఫీసుకెళ్లి సంతకాలు పెడితే చాలు. ఆవిడ ఇక్కడికే వస్తుంది. మిషను నా గదిలో పడుతుంది, కొలిచాను."

నా చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. తాగాలో పెట్టాలో తోచలేదు.

"ఈ వయసులో నేనెవర్నీ అడగక్కర్లేదు. అది నాకూ తెలుసు" అన్నారు మామయ్య. "ఆవిడ ఒక్కటే మాటంది. మీ అబ్బాయి మనసులో ముల్లుంటే నేను ఆ గుమ్మం తొక్కను, మా చెల్లెలి దగ్గరికి పోతాను అంది. నువ్వు కానీ అంటే చాలురా నాకు."

మా ఆయన బల్ల మీది గీతను గోటితో గీకుతూ ఉండిపోయాడు. పిట్ట ఆయన భుజం మీదే ఉంది.

"నీ ఇష్టం నాన్నా" అన్నాడు చివరికి. "కానీ..."

ముగ్గురం పిట్ట వైపు చూశాం. మా ఆయన కూడా, మెడ తిప్పి. దొరగారు కన్ను ఆర్పారు, ఈక సర్దుకున్నారు, అంతే. తోక కదల్లేదు.

"అర్థమైంది" అన్నారు మామయ్య.

"నాన్నా, నేను పూర్తిగా..."

"పర్లేదురా. అర్థమైంది" అని ఆయన తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. మెల్లిగానే వేసుకున్నారు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ తర్వాత రెండు వారాలూ ఆయన కిందికి దిగలేదు. పిట్టకి వేళకి కానీ చెప్పేవారు, గింజ ఇచ్చేవారు, గదిలోకి వెళ్లేవారు. కింద మిషన్ చప్పుడు తగ్గి, అట్టపెట్టెలకి టేపు చుట్టే చప్పుడు మొదలైంది. "ఆయనకి ఏం చెప్పాలనుకున్నారు?" అని మా ఆయన్ని నాలుగైదుసార్లు అడిగాను. ఒకసారి ఫోను చూసుకున్నాడు, ఒకసారి స్నానానికి వెళ్లాడు. ఆయన మీద నాకు కోపం వచ్చింది. ఆయన ముఖం చూస్తే జాలీ వేసింది. ఈ రెంటి మధ్యా మాట్లాడటమే తగ్గించేశాను.

మామయ్య కంట్లో శుక్లాన్ని ఆ వేసవి మొదట్లో నేనే కనిపెట్టాను, నా కుర్చీలో కూచోబెట్టి. ఆపరేషన్ తేదీ ఈ గొడవ మధ్యలో వచ్చి పడింది. మా ఆయన ముందే సెలవు పెట్టుకున్నాడు. ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి, నీలం చొక్కా వేసుకుని, తాళాలు పట్టుకుని తయారుగా నిలబడ్డాడు.

"నువ్వొద్దులే" అన్నారు మామయ్య చెప్పులేసుకుంటూ. "ఆవిడ వస్తానంది."

కింద గుమ్మం దగ్గర మిషనమ్మ సంచీ పట్టుకుని ఉంది. ఇద్దరూ వెళ్లిపోయారు. మా ఆయన తాళాలు చేత్తో పట్టుకునే చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఆ కంగారులో మామయ్య ఒక పని మర్చిపోయారు. పంజరం మీది గుడ్డ తియ్యలేదు, పిట్టకి పొద్దుటి కానీ చెప్పలేదు.

మేం చూసుకునేసరికి తొమ్మిది దాటింది. గుడ్డ తీసి పళ్లెం మీద కూచోబెట్టాను. అది కదలకుండా కూచుంది. పది అయింది. పదకొండయింది. ఒళ్లంతా ఉబ్బరించుకుని, కళ్లు సగం మూసుకుని కూచుంది. పంజరం అడుగున కాయితం శుభ్రంగా ఉంది. భయమేసి పిట్టల డాక్టరుకి ఫోన్ చేశాను.

"మాట చెప్తేనే వెళ్లేలా నేర్పారా?" అన్నాడాయన. "అదే తప్పమ్మా. చోటుకి అలవాటు చెయ్యాలి గాని మాటకి కాదు. కొన్ని పిట్టలు మాట పడేదాకా బిగబట్టి జబ్బు తెచ్చుకుంటాయి. ముందు ఆ మాటేదో చెప్పండి, త్వరగా."

"ఊఁ, కానీ" అన్నాను పిట్టతో. అది కళ్లు తెరిచి నన్ను చూసింది. "కానీ. ఊఁ, కానీ. కానీ అమ్మా." నాకే నా గొంతు నమ్మకంగా అనిపించలేదు, దానికేం అనిపిస్తుంది? మామయ్యకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆపరేషన్ గదిలో ఉండి ఉంటారు.

"మీరు చెప్పండి" అన్నాను మా ఆయనతో.

"కానీ" అన్నాడు.

పిట్ట ముఖం తిప్పేసుకుంది.

"అది మీ కానీ. మామయ్య కానీ చెప్పండి."

"కానీ... కా...నీ. కానీఈ." ఆయన నుదుటి మీద చెమట పట్టింది. నేను దుకాణంలో లాగానే పక్కన నిలబడి, ఇది కాదు, ఇదీ కాదు, ఇందాకటిదే కొంచెం నయం అంటున్నాను. ఆయన ఉన్నట్టుండి స్టూలు ముందు నేల మీద కూలబడ్డాడు.

"ఆ రోజు ఏం చెప్పాలనుకున్నావని అడుగుతున్నావుగా" అన్నాడు పిట్టనే చూస్తూ. "ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. ముందు కానీ అనేస్తాను. తర్వాత ఏదో ఒకటి దొరక్కపోతుందా అనుకుంటాను. ఆ రోజు ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఒక్కటి దొరికింది, అదేమో బయటికి చెప్పేది కాదు."

"ఏంటది?"

"ఆవిడ వస్తే ఆవిణ్ణి ఏమని పిలవాలి నేను? పిన్నీ అందామని బాత్రూంలో రెండుసార్లు అనుకుని చూశాను. నాలుక తిరగట్లేదు. నలభై ఏళ్లొచ్చి ఇదేం అడ్డు చెప్పు. ఇది చెప్తే నాన్న నవ్వుతాడు."

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్లూ ఆ కానీ వెనక ఏ కొండ ఉందోనని హడలిపోయాను. అక్కడ ఉన్నది ఒక్క పిలుపు.

"నవ్వడు" అన్నాను. "ముందు దీని సంగతి చూడండి."

ఆయన మోకాళ్ల మీద లేచి, పిట్ట కళ్లకి తన కళ్లు సమంగా వచ్చేలా వంగాడు. అది ఇంకా ఉబ్బరించుకునే ఉంది. దాని వెన్ను మీద ఒక వేలు పెట్టాడు. తర్వాత నాకు ఎప్పుడూ వినపడని గొంతుతో, మెల్లిగా, సాగదీసి అన్నాడు.

"ఊఁ... కానీ. నా కాలి కింద బ్రేకుంది."

పిట్ట వెనక్కి ఒక అడుగు వేసింది. తోక ఎత్తింది. పళ్లెం మీద పడిన చప్పుడు మా ఇద్దరికీ ఎంత హాయిగా వినిపించిందో చెప్తే వేరేవాళ్లు నవ్వుతారు.

మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "నాకు బండి నేర్పింది ఈ మాటతోనే" అన్నాడు. పొద్దుతిరుగుడు గింజ ఇవ్వడం మర్చిపోతే నేనే ఇచ్చాను.

సాయంత్రం మెట్ల మీద మాటలు వినిపించాయి. లిఫ్టులు చూసే మనిషి ఇంటికి లిఫ్టు లేదు, రెండంతస్తులూ ఎక్కాల్సిందే. మామయ్య ఒక కంటికి కట్టుంది. రెండో కంటి చూపు అంతకుముందే అంతంతమాత్రం, పైగా కళ్లజోడు సంచీలో ఉంది. మిషనమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని, "కాలు రానీ... రానీ... ఆఁ, ఆగండి, మలుపు... ఇప్పుడు రానీ" అంటూ ఎక్కిస్తోంది. ఆయన భాష ఆవిడకి ఎప్పుడు పట్టుబడిందో!

గుమ్మం ముందు మెట్టు మీదికి వచ్చి ఆగారు. మేం తలుపు తెరుచుకుని ఉన్నాం. దొరగారు మా ఆయన భుజం మీద ఉన్నారు.

"రేపు కట్టు విప్పుతారటండీ ఇన్‌స్పెక్టరుగారూ" అంది మిషనమ్మ, సంచీ నా చేతికిస్తూ. "చుక్కలు నాలుగు పూటలా వెయ్యాలి. కాయితంలో రాసిచ్చారు. నేనిక వస్తానండి. పిట్టని ఎల్లుండి సామానుతోపాటు తీసుకెళ్తాను."

ఆవిడ వెనక్కి తిరిగింది. మామయ్య చెయ్యి ఆవిడ మోచెయ్యి ఉన్నచోటే గాల్లో ఒక్కక్షణం ఉండిపోయింది.

"నాన్నా" అన్నాడు మా ఆయన.

"ఏంట్రా?"

"ఆ రోజు అడిగావే. నువ్వూ, ఈవిడా... దాని సంగతి."

మిషనమ్మ రెండు మెట్లు దిగినది ఆగింది. ఇటు తిరగలేదు.

మా ఆయన పెదవి తడుపుకున్నాడు. "ఊఁ, కానీ" అన్నాడు.

ఆ మాట తర్వాత ఇంకేదో వస్తుందని నేను చూస్తున్నాను. మామయ్యా అలాగే చూస్తున్నారు, చూడటానికి కన్ను లేక చెవి ఇటు పెట్టి.

"ఏ కానీరా అది?" అన్నారు.

చెప్పాల్సింది చెప్పేశానన్నట్టే ఉంది మా ఆయన ముఖం, భయపడినట్టూ ఉంది.

"అమ్మాయ్" అన్నారు మామయ్య నా వైపు తిరిగి. "నాకు కనపడట్లేదు. నువ్వు చెప్పు. ఏ కానీ అది?"

నాకూ తెలియలేదు. ఒట్టు. అదే మాట, అదే మనిషి. పొద్దున్న పిట్టతో అన్న కానీయా, బల్ల దగ్గర అన్న కానీయా? ఇదా, ఇదా? అప్పుడు ఆయన భుజం మీద దొరగారు వెనక్కి ఒక అడుగు వేశారు. తోక ఎత్తారు.

"చొక్కా పాడైంది మామయ్యా" అన్నాను.

మామయ్య ఆ మెట్టు మీదే కూచుండిపోయారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా భుజాలు కదులుతున్నాయి. ఏడవకూడదు మామయ్యా, కంటికి మంచిది కాదు అంటూ నేనే ఏడ్చాను. మా ఆయన ఏం చెయ్యాలో తోచక, జేబులోంచి రుమాలు తీసి భుజం దగ్గరికి తీసుకెళ్లాడు.

మిషనమ్మ గబగబా రెండు మెట్లూ ఎక్కి వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ రోజుదాకా ఆయన్ని మీరు అని తప్ప పిలిచి ఎరగదు.

"తుడవకు బాబూ" అంది. "ఆరనీ."

"సరే" అన్నాడు మా ఆయన.

ఆ సరే వెనక ఇంకో మాట వస్తుందేమోనని మేమంతా ఆగాం. రాలేదు.